ఎర్రగా ఉంటే లాభం

షిన్‌చూలో ఎరుపంటే లాభం,
తెర పచ్చబడితే పోయినట్టు.
బ్రోకరు హాల్లో ముందు వరసలో ష్యూ-ఓ అవ్వ,
బియ్యపు సేమ్యా చేసే మనిషి,
గోళ్ళ కింద ఇంకా పిండి.

నాలుగు కంపెనీల కాగితాలు పరిచాను.
ఒకటి చిప్పు గీస్తుంది, ఒకటి పోతపోస్తుంది,
ఒకటి పరీక్షిస్తుంది,
నాలుగోది పెట్టెలో బిగిస్తుంది.
"నాలుగు చోట్ల పెడుతున్నాం, భయం లేదు" అన్నాను.
ఐదేళ్ళ ఒడిదుడుకుల పట్టీ చూపించాను.

అవ్వ పట్టీ చూడలేదు.
"వీళ్ళు ఏ డ్యామ్ నీళ్ళు వాడతారు?"

వెతికాను.
నాలుగింటికీ ఒకటే డ్యామ్.

"నాకు నలభై తడికలు.
నలభై మేడల మీద ఆరేసినా
వాన ఊరంతటికీ ఒక్కసారే పడుతుంది నాయనా.
అందుకే పది తడికల పిండి లోపలే ఉంచుతా,
ఎండ ఎంత కాసినా."

ఒక్కటే కొంది. అదీ కొంచెం.
మిగిలింది మళ్ళీ పోస్టాఫీసు పుస్తకంలోకి,
ఒకటిన్నర శాతానికి.

ఒంటిగంటన్నరకి తెరంతా ఎర్రగా మండింది.
హాలంతా చప్పట్లు.
అవ్వ అప్పటికే గుమ్మం దాటింది,
గాలి మళ్ళిందట.

నా జీతం మూడేళ్ళది
ఆ నాలుగింట్లోనే ఉందని
ఆవిడకి చెప్పలేదు.