ఉగ్గుగిన్నె పక్కన

తొమ్మిదో నెలలోనే తెచ్చాడు భార్గవ్,
అరండల్‌పేట మందుల షాపు నుంచి
నల్ల కవరులో చుట్టి,
చూడకూడని సరుకేదో మోసుకొచ్చినట్టు.
"ఉండనీ. ఉంటే తప్పేముంది?"

తప్పే అనిపించింది నాకు.
పరీక్ష రాయకముందే
సప్లిమెంటరీ ఫీజు కట్టొచ్చినట్టు.

తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని
డబ్బా మీదే రాసుంది.
అమ్ముకునేవాడు కూడా నా పక్షమే అనుకుని
పై అరలోకి నెట్టేశాను,
చింతపండు జాడీ వెనక్కి,
పసుపు మూత కనపడకుండా.

అమ్మ చూసింది. ఏమీ అనలేదు.
దించి, కొంగుతో తుడిచి
ఉగ్గుగిన్నె పక్కన పెట్టింది.
నేను మళ్ళీ వెనక్కి నెట్టాను.
మళ్ళీ ముందుకొచ్చింది.
రెండు వారాలు
నోరు విప్పకుండా పోట్లాడుకున్నాం ఇద్దరం.

కొత్తపేట నర్సింగ్ హోమ్ నుంచి
ఇంటికొచ్చిన రాత్రి.
కుట్లు. ఉక్క.
గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగి
ఇల్లంతా ఒక్కసారే తుమ్మింది.
పాప మాత్రం తుమ్మలేదు,
ఏడుస్తోంది.

వెల్లుల్లి కారం తిన్నాను, సొరపుట్టు తిన్నాను,
పక్క వాటా టీచరుగారు పంపిన మెంతికూర తిన్నాను,
ఎవరేం చెబితే అది తిన్నాను.
పాలు మాత్రం మునిసిపల్ పంపే.
బుస్సుమని గాలి,
కింద ఎండిన బిందె.

మూడు గంటలకి పాప గొంతు మారింది.
ఏడుపు కాదది,
ఏడవడానికి ఓపిక చాలని చప్పుడు.
"పొద్దుట్నించి రెండే గుడ్డలు తడిపింది" అన్నాడు భార్గవ్
గోడతో చెప్తున్నట్టు.
ఫోనులో డాక్టరమ్మ అడిగింది
"ఇంట్లో డబ్బా ఉందా?"

ఊళ్ళో షట్టర్లన్నీ దించేసిన వేళ
"ఉంది" అన్నాను.
నా నోటితో నేనే.

అమ్మ నీళ్ళు మరగబెట్టి చల్లార్చింది.
చెంచా పొడిని చాకు వీపుతో సమం చేసింది,
బంగారం తూచే మనిషిలా.
మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసింది.
ఉగ్గుగిన్నె ముక్కుని
పాప పెదవి అంచున ఆనించింది.

అప్పుడు చెప్పింది, నా వైపు చూడకుండా.

"నీకూ ఇంతే అయింది.
సంగడిగుంటలో ఉండేవాళ్ళం, నాకు టైఫాయిడు.
గోడవతల మస్తాన్‌బీ, ఆవిడకప్పుడు మూడోవాడు చంటాడు.
నిన్ను గోడ మీంచి అందించేది మీ నాయనమ్మ.
కడుపు నింపి, మూతి తుడిచి,
మళ్ళీ గోడ మీంచే ఇచ్చేది.
పదకొండు రోజులు."

ముప్పై ఏళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా?

"సిగ్గేసింది.
ఆవిడ ఇచ్చినందుక్కాదే.
నాకు లేకపోయినందుకు."

గిన్నెలో అడుగంటిన చుక్కల్ని
ఒకవైపుకి వంచుతూ అంది:
"ఇక్కడ మూడో అంతస్తులో
గోడ మీంచి ఎవరికి అందిస్తాం?
అందుకే అల్లుడితో నేనే తెప్పించాను."

పాప నిద్రపోయింది.
నేనూ పోయాను, నోరు తెరుచుకుని,
ప్రసవమయ్యాక మొదటిసారి.

మర్నాడు కాదు, ఆ మర్నాడు,
తల దువ్వుకుంటుంటే
జాకెట్టు తడిసింది.
పంపు సంగతి తెలిసిందేగా,
ముందు గాలే వస్తుంది.

డబ్బాలో సగం పైగా మిగిలింది.
తెరిచాక నెల దాటకూడదట.
నెల నిండిన రోజున
మిగిలిన పొడి పారబోసి కడిగి
అమ్మ అందులో ఆవాలు పోసింది.

"ఆ మూడోవాడి పేరేంటమ్మా?"
గుర్తులేదంది. చాలాసేపు ఆలోచించి
మళ్ళీ గుర్తులేదంది.

ఈ ఊళ్ళోనే ఉండి ఉంటాడు.
యార్డులో టిక్కీలు ఎత్తిస్తుంటాడో,
ఏ బ్యాంకులో టోకెను పిలుస్తుంటాడో.
నాకోసం పదకొండు రోజులు
కాస్త ఆకలితో పడుకున్నవాడు.
పాపకి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు
ఆటోలో ఎదురు కూర్చున్న
నా ఈడు మగమనిషిని
కొంచెం ఎక్కువసేపే చూశాను.