తేలిక గింజ

కాశీబుగ్గ డాక్టరమ్మ
మూడుసార్లు చిగురు గీకి కడిగింది.
అడ్డచుట్ట కూడా మానేశాను.
అయినా ఆ ఒక్కచోట
నొక్కితే చీమే.

నొప్పి లేదు కదమ్మా, అన్నాను.
ఫోటో వెలుగుకి పట్టింది:
వేరు కొసన కందిగింజంత నలుపు.
"పన్నెప్పుడో చచ్చిపోయింది దాలమ్మా,
అందుకే నొప్పెట్టదు.
పైన కడుగుతున్నాం,
కిందనుంచి ఊరుతోంది."

పాతికేళ్లు పలాసలో జీడిగింజలు కొట్టినదాన్ని.
పైకి నున్నగా ఉండి
అరచేతికి తేలిగ్గా తగిలేదాన్ని
చూడకుండానే ఏరి పారేస్తాను.
నా నోట్లోదాన్ని
రెండేళ్లు మోశాను.

సన్న సూదులు వేరులోకి దిగిననాడు
గదంతా కుళ్లు వాసన.
నాదే.

మూడు నెలలకి,
జీడి తిని నల్లబడిన వేలితో
చిగురు తడిమాను.
గట్టిగా ఉంది. ఏమీ అంటలేదు.

వెంటనే ఏటనిపించిందో చెప్పనా?
చుట్ట.