కుడి జేబు

మోంటానాలో మార్చి అంటే మంచుకి ఇంకా సగం వయసే.
కొట్టు తలుపు గంట మోగక ముందే
ఆమె వాసన లోపలికొచ్చింది:
కాలిన గిట్ట, గుర్రపు చెమట, చల్లారిన కాఫీ.
వెర్నా హాల్వర్సన్.
నాలుగు కౌంటీల గుర్రాలకు లాడాలు కొట్టే మనిషి.

చేతిరుమాల్లో చుట్టి తెచ్చింది దాన్ని,
దారిలో దొరికిన పిల్లికూనని తెచ్చినట్టు.
"దీనికో తొడుగు కుట్టు, ఎమిల్."

ముందు మూతి ఉత్తరం గోడకి తిప్పమన్నాను.
ఆ గోడ అవతల కొండే తప్ప కొంప లేదు.
సిలిండర్ పక్కకి తోసి
అయిదు గదుల్లోనూ చిటికెన వేలు పెట్టి చూశాను. ఖాళీ.
ఆమెనీ చూడమన్నాను. ఖాళీ.
ఈ కొట్లో పలకరింపులు ఆ తర్వాతే.

ఎందుకని నేనెవరినీ అడగను.
ఎలా కూర్చుంటావు, ఎలా వంగుతావు, ఇదే అడుగుతాను.
తోలుకి కావలసింది కారణం కాదు, కొలత.

"కూర్చోవడమా!" అని నవ్వింది.
నా బల్ల కాలొకటి ఎత్తి తొడల మధ్య బిగించి
రెండుగా మడతపడి చూపించింది.
నడుముకి పెడితే పొట్టలో పొడుస్తుంది.
చీలమండకి కడితే గుర్రం తొక్కేది ముందు దాన్నే.
సంచిలోనా, ఆ సంచి ఎప్పుడూ
ఆమెకి ఒక పాక వెనకే ఉంటుంది.
మిగిలింది కోటు కుడి జేబు.

బోర్లించమన్నాను.
రెండు లాడపు మేకులు,
పెన్సిల్ ముక్క, డీజిల్ రసీదు, గడ్డి నలుసులు,
ఏడు పంచదార బిళ్లలు.

"ఇక ఈ ఇంట్లో అద్దెకి ఒక్కరే," అన్నాను.
"ట్రిగ్గర్‌కి వేలికీ మేకుకీ తేడా తెలీదు."

మేకులు ఎడమ జేబులోకి మారాయి, మాట్లాడకుండా.
పంచదార దగ్గర చెయ్యి ఆగింది.
టోలెఫ్‌సన్ వాళ్ల బండిగుర్రం, పేరు సెనేటర్,
పదకొండేళ్లుగా ఆ జేబులో మూతి దూర్చి
లంచం అందాకే కాలెత్తుతుందిట.
పళ్లెమంత మూతి.
కాసేపు ఇద్దరం ఆ మూతి గురించే ఆలోచించాం.

ముత్యపు చిప్పలా మెరిసే పిడి కావాలంది.
తడి చేతికి అది చేపపిల్ల, రబ్బరుదే తీసుకోమన్నాను.
ఎర్రచుక్క వేసే దీపం చూపించింది కేటలాగులో.
జనవరిలో నా ట్రక్కు బ్యాటరీయే లేవదు,
ఆ గింజంత బ్యాటరీ లేస్తుందా?
అదనపు గుళ్లకి సన్నటి పట్టీ ఒకటి, సరే.
చివరికి బల్లమీద పెట్టాను ఇనప పెట్టె,
సీటు కింద గొలుసుతో కట్టి తాళం వేసేది.
ముప్పై ఎనిమిది డాలర్లా అని కళ్లెర్రజేసింది.
"నీ చేతికింద కుర్రాడు డెస్మండ్‌కి పదిహేనేళ్లు.
వాడి వేళ్లకి పనికన్నా తీరిక ఎక్కువ.
పెట్టె కొంటేనే తొడుగు."
కొంది. తిట్టుకుంటూనే.

తొమ్మిది రోజులు పట్టింది.
జేబుని పట్టుకునేలా గరుకు వైపు బయటికి,
తుపాకీ వచ్చినా తాను రాకుండా వెనక ఒక కొక్కెం,
ట్రిగ్గర్ చుట్టూ రెండు పొరలు,
కంటి రెప్పలా కాదు, పుర్రెలా.

"మూడు వారాలు ఖాళీదే మొయ్యి,
చెయ్యి నేర్చుకోవాలి, గుర్రం నేర్చుకోవాలి,
జేబులో నూలుపోగులు వారంవారం దులపాలి."
సరే సరే అంటూ వెళ్లిపోయింది.

జూన్‌లో మళ్లీ వచ్చింది.
తొడుగు బల్లమీద పడేసింది.
పై అంచున నాలుగు పళ్లగాట్లు,
ఒక్కొక్కటీ నా బొటనవేలంత.
"రెండో వారం," అంది. "ఖాళీగా ఉన్నప్పుడే."
లోపలి పొర తడిమి చూశాను.
గాటు అక్కడిదాకా దిగలేదు.
ఆ మాట ఇద్దరం పైకి అనలేదు.

"ఇప్పుడు వాడికి తెలిసింది," అంటూ
ఎడమ జేబు తిరగేసి చూపించింది:
చిరిగి వేలాడుతున్న అస్తరు,
దారాల్లో మెరుస్తూ పంచదార పొడి.

"దీనికీ తోలు వెయ్యి, ఎమిల్.
లోపల కుట్టు కనబడకూడదు,
వాడి నాలికకి గుచ్చుకుంటుంది."