లాభం, రెండు, మూడు

మిర్చి యార్డులో మంట అంటే ఎవరూ తిరిగి చూడరు.
కళ్ళల్లో మంట, గొంతులో మంట,
ఎన్నిసార్లు కడిగినా
రాత్రి కంచం ముందు వేళ్ళల్లో మంట.
నాగుల్‌మీరా పొద్దున ఎనిమిదింటికి
రొమ్ము మీద అరచెయ్యి పరిచి
"ఇక్కడ మంటగా ఉంది గుమస్తా" అంటే
నేను నవ్వాను.
"తేజ లాటు దిగింది, ఉండదా మరి" అన్నాను.

వేలితో చూపించలేదు. అరచెయ్యి మొత్తం పరిచాడు.
ఆ తేడా నాకు తర్వాత తెలిసింది.

ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు.
నలభై అయిదు కిలోల టిక్కీలు మోసే భుజం
లాగక ఏం చేస్తుంది?
దవడ పీకుతోందంటే పన్ను అన్నారు, లవంగం ఇచ్చారు.
చెమటా?
ఏప్రిల్ నెల గుంటూరులో
చెమట పట్టనివాణ్ణి చూసి కదా భయపడాలి.
ఆ చెమట చల్లగా ఉందట.
ఎవరం ముట్టుకుని చూశాం?

గ్యాసే అన్నాడు మేస్త్రి.
గ్యాసే అన్నాడు టీ కొట్టు సాంబయ్య,
నిమ్మసోడా కొట్టి చేతిలో పెట్టి, డబ్బులు తీసుకోలేదు.
నేనూ గ్యాసే అన్నాను, కాటా మీంచి చూపు తిప్పకుండా.
సోడా తాగి, తేన్చి,
మరో పద్దెనిమిది టిక్కీలు మోశాడు.
చీటీలున్నాయి. పద్దెనిమిదీ నా చేతిరాతే.

పదింటికి టిక్కీ ముందు పడింది, దాని మీద తను.
కుట్టు తెగి కాయలు నేలంతా ఎర్రగా.
మూగాం. ఒకడు ముఖాన నీళ్ళు కొట్టాడు,
ఒకడు తాళాలగుత్తి చేతిలో కుక్కాడు.
తొడిమలు తీసే ఆడవాళ్ళలోంచి లూర్దుమేరి లేచొచ్చింది,
పెద్దాసుపత్రిలో పదకొండేళ్ళు ఆయాగా చేసిన మనిషి.
భుజాలు తట్టి పిలిచింది. ముక్కు దగ్గర చెవి పెట్టింది.
"ఊపిరి లేదు. నూట ఎనిమిదికి కొట్టండి.
ఒకడు పోయి గేటు దగ్గర నిలబడండి."
చొక్కా గుండీలు తెంపేసి
రొమ్ము నడుమ చెయ్యి మీద చెయ్యి వేసి
మోచేతులు వంచకుండా
ఒంటి బరువంతా దించింది.
"గుమస్తా, నీకు లెక్కే కదా వచ్చింది.
లెక్కపెట్టు. గట్టిగా."

నోరు తెరిస్తే మా తాత నేర్పిన లెక్కే వచ్చింది.
లాభం,
రెండు,
మూడు,
నాలుగు, అయిదు, ఆరు,
ఆరున్నొకటి
(ఏడు అనకూడదు కొలత దగ్గర, ఏడుపొస్తుందని)
ఎనిమిది, తొమ్మిది
"తొందరగా" అంది. "సెకనుకి రెండు పడాలి."
ముప్పై అయ్యాక మళ్ళీ లాభం.
లోపలెక్కడో పుటుక్కుమంది.
ఎముకేమో అన్నాను.
"ఎముక అతుక్కుంటుంది. లెక్క ఆపకు."
ఆమె అలిసిపోతే మేస్త్రి, మేస్త్రి తర్వాత సాంబయ్య,
సోడా కొట్టిన ఆ చేతులతోనే.
ఎన్ని లాభాలయ్యాయో తెలీదు.
ముప్పై ఏళ్ళలో నాకు లెక్క తప్పింది ఆ పూటే.

చుట్టుగుంట వైపు నుంచి బండి కూత.
పెట్టె తెరిచి, అందర్నీ జరగమని,
కరెంటుతో ఒక్క కుదుపు.

గుండె కండలో ఒక మూల చచ్చిపోయిందన్నాడు డాక్టరు,
నెత్తురు అందక.
ఎనిమిదింటికే తెచ్చుంటే, అని ఆగిపోయాడు.
దానికి నా దగ్గర మాటుంది.
టిక్కీకి ఇంత అని రోజూ నేను కొట్టేసేదే.
తరుగు.
రైతుకి ఎప్పుడూ వివరం చెప్పను.

లూర్దుమేరి ఓ రోజు తొడిమ తుంపుతూ అంది:
"పొద్దున్నే పిలిచుంటే
అడుగు వెయ్యనిచ్చేదాన్ని కాదు,
యాస్పిరిన్ బిళ్ళ నమిలించి బండెక్కించేదాన్ని.
మా ఆడాళ్ళకైతే ఒక్కోసారి ఆ మంట కూడా రాదు.
నీరసం, వికారం, వీపులో పోటు.
ఇంటికెళ్ళి పడుకుంటాం."
ఇంకో కాయ తీసుకుంది.
"లేవం."

నాగుల్‌మీరా ఇప్పుడు గేటు దగ్గర కుర్చీలో చీటీలు చూస్తాడు.
పక్కటెముక విరిచినందుకు
జీవితాంతం సోడా బాకీ అంటాడు సాంబయ్యతో.

నిన్న ఓ కొత్త కుర్రాడు టిక్కీ దించి
రొమ్ము మీద అరచెయ్యి పరిచాడు.
"గ్యాసే" అన్నాడు, వాడే, నేనేమీ అడక్కుండానే.
కాటా మీద అంకెలు ఇంకా కదులుతున్నాయి.
కలం కింద పెట్టి
వాడి నుదురు ముట్టుకున్నాను.