నలభై నాలుగు డిగ్రీల పెట్టె

తిరుపతి పరిశోధన కేంద్రంలో నా ఉద్యోగం
పురుగులు పడిపోయే వేళ రాయడం.
ఒక్కో గాజు గొట్టంలో ఒక్కో లద్దెపురుగు,
దూది బిరడా, పెన్సిల్‌తో నంబరు.
పెట్టె మీద ఎర్ర అంకెలు నలభై నాలుగు చూపిస్తాయి.
బయట రేణిగుంట రోడ్డు మీద కూడా
ఇంచుమించు అంతే.

మొదట గాజు గోడ ఎక్కుతుంది.
తర్వాత తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది.
హైమావతి మేడమ్ దానికేదో పెద్ద పేరు చెప్తుంది,
నాకు మాత్రం అది
ఆఖరి బస్సు తప్పిపోయిన మనిషి.
ఆపైన పక్కకి ఒరుగుతుంది.
నేను టైము వేస్తాను.

ముందురోజు కాసేపు ముప్పై తొమ్మిదిలో ఉంచిన పురుగు
ఇవాళ చాలా ఆలస్యంగా ఒరిగింది.
"వేడిని నేర్చుకుంటుందన్నా"
అన్నాడు కొత్తగా చేరిన యుగంధర్.
నేర్చుకుంటుందా,
లేక ఒళ్లు మరిచిపోలేకపోతుందా?
నేనేమీ అనలేదు. గడి నింపాను.

చలి పెట్టెది ఇంకో రకం మోసం.
నాలుగు డిగ్రీల్లో చుట్టచుట్టుకుని రాలిపోతాయి.
చేరిన కొత్తలో
చచ్చాయని రాశాను, వరసగా ఇరవై.
టీ తాగి వచ్చేసరికి
పదిహేడు లేచి పాకుతున్నాయి,
నా చేతిరాత మీదుగానే.
అప్పట్నుంచి ఏ చావునైనా
అరగంట ఆగి రాస్తాను.

పాకాల దగ్గర మా చెనిక్కాయ కయ్యలో
చిన్నాయన ఒకసారి గెనిమ తవ్వి చూపించినాడు.
రోహిణి కార్తె. పైన మన్ను పెనం,
రాయి ముట్టుకుంటే బొబ్బ.
జానెడు లోతున
చింతపిక్క రంగు కోశాలు, ఎర్రగొంగళివి,
తిండి లేదు, నీళ్లు లేవు,
ఊపిరి కూడా పొదుపుగా
వాన కబురు కోసం పడుకున్నాయి.
"నాకంటే వీటికే నమ్మకం ఎక్కువరా" అని
మళ్లీ మన్ను కప్పేసినాడు.
ఎందుకు కప్పినాడో ఇప్పటికీ తెలీదు.
ఏరి చంపాల్సిందే గదా.
తొలి వాన రాత్రి కరెంటు స్తంభం చుట్టూ
తెల్లటి రెక్కల వరద.
ఆ యేడు సగం పైరు ఈనెలే మిగిలింది.

మొన్న, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు
కేంద్రం వాళ్ల మళ్లో కలుపు తీస్తూ
కన్నెమ్మ ఒరిగిపోయింది.
పరిగెత్తి పోయినాను, పోతూ పోతూ
నా చెయ్యి
జేబులో పెన్సిల్ వెతికింది.

వేపచెట్టు కిందికి మోసినాం.
తలమీద నీళ్లు, నోట్లో ఉప్పు మజ్జిగ.
అరగంటకి కళ్లు తెరిచింది.
"ఇదే మొదటిసారా అక్కా?"
"నిన్న కూడా," అనింది,
"నిన్న ఇంకా తొందరగా పడిపోయినా."

ఆసుపత్రికంటే వినలేదు.
సగం కూలి పోతాదని
తలగుడ్డ తడుపుకుని
తన సాలులోకి నడిచింది.

లోపల పెట్టె కీచుమంటోంది.
పన్నెండో నంబరు ఈపాటికి ఒరిగింటుంది.
ఎప్పుడో
నేను చూడలేదు.