ఉంగరం

మంగళవారం ఏడింటికల్లా డెరిక్ వస్తాడు
కబేళా నుంచి, ఐసు డబ్బాలో పంది గుండెలతో.
షెఫీల్డ్ వాన అతని టోపీ అంచున ఇంకా వేలాడుతుంటుంది.
"ఇవాళ ఆరు దొరికాయి, పిల్లా" అంటూ
తోటకూర కట్టలు దించినట్టు బల్లమీద దించుతాడు.

కొవ్వు ఒలిచి, ధమని వెతికి,
చిటికెనవేలి గోరంత మేర కోస్తాను.
ఒక ఉంగరం. ఏ వేలికీ పట్టనిది.
రెండు తీగలకు తగిలించి
ముప్పై ఏడు డిగ్రీల ఉప్పునీళ్లలో దించితే
బుడగల మధ్య ఆ కాస్త ముక్కా
పంది పోయిన సంగతి తెలియనట్టే ఉంటుంది.

బిగించే మందు వేస్తాను. బిగుస్తుంది.
కాగితం మీద పెన్ను ఎగబాకి
అటకెక్కిన మొండిపిల్లాడిలా అక్కడే కూచుంటుంది.

అప్పుడు క్రోమకాలిమ్, ఒక్క చుక్క.
అది కండరాన్ని బతిమాలదు, మందలించదు.
కణం గోడలో సన్నని తలుపొకటి తీస్తుంది, అంతే.
లోపల కిక్కిరిసిన పొటాషియం
సెకండ్ షో విడిచాక జనంలా
బయటికి జారుకుంటుంది.
పోతూ పోతూ ధనావేశం మోసుకుపోతుంది.
ధనం పోయి ఋణం మిగిలిన ఇంట్లో
ఇంత నెమ్మది నేనెక్కడా చూళ్లేదు.
ఆ ఋణం చూసి కాల్షియం గుమ్మాలు మూసుకుంటాయి.
కాల్షియం రాకపోతే పిడికిలి బిగించేదెవరు?

పెన్ను దిగుతుంది,
తొందరేమీ లేకుండా.

డెరిక్ టీ కప్పుతో వెనక నిలబడి చూస్తాడు.
అతని జేబులో ఆ మందు చుట్టమే, నికోరాండిల్,
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.
"నోరు పూసింది. చిప్స్ మీద వెనిగర్ మానేశా.
ఇంటికి ఎక్కేటప్పుడు మాత్రం రెండుసార్లు ఆగుతా,
షాపు అద్దాలు చూస్తున్నట్టు."

మధ్యాహ్నం నీళ్లలోనే పొటాషియం దట్టించి
అదే చుక్క మళ్లీ వేశాను.
తలుపు తెరుచుకునే ఉంటుంది.
పెన్ను మాత్రం కదల్లేదు.
బయటా దాదాపు అంతే కిక్కిరిసి ఉంటే
గడప దాటేదెవరు?

"తలుపు తీస్తే చాలదన్నమాట" అన్నాడు,
"పోవడానికో చోటుండాలి."
మార్చిలో అతని రిటైర్మెంటు.
నేను నోట్‌బుక్‌లో ఎనభై మిల్లీమోలార్ అని రాసి
కింద గీత గీశాను.

అయిదింటికి కిటికీలోంచి చూస్తే
ఖాళీ ఐసు డబ్బాతో కొండ ఎక్కుతున్నాడు.
బేకరీ దగ్గర ఆగాడు.
మళ్లీ కొంత నడిచి
చెప్పుల షాపు దగ్గర ఆగాడు.
అది మూతపడి ఏడాదయింది.
దించిన ఇనప షట్టర్‌ని
ఏదో బేరమాడుతున్నవాడిలా
చాలాసేపు చూశాడు.