అట్టలోపలి కాగితాలు

సముద్రానికి మా గది అడ్రసు తెలుసు.
విశాఖ పాత పోస్టాఫీసు వెనక సందులో
పతకాల దఫ్తరు, రెండో అంతస్తు, కుడివైపు.
కిటికీ మూసినా వస్తుంది,
పోర్టు బొగ్గు దుమ్ముని వెంటేసుకుని.
ఇనప బీరువా కీలు మీద ఎర్రగా కూర్చుంటుంది,
వెండి మొహాన్ని నల్లగా నాకి పోతుంది.

ఇరవై రెండేళ్లుగా దానితో నా పేచీ.
మైదా ఉడికించి, మైలతుత్తం చిటికెడు కలిపి,
పల్చటి కాగితాన్ని ఈనెంత సన్నంగా చింపి
శౌర్యానికి మాసికలు వేస్తాను.
"బైండింగమ్మా" అంటారు. అదే చాలు.

ఇక్కడ ప్రతి రిజిస్టరూ ఒకేలా మొదలవుతుంది:
"ప్రాణాలను లెక్కచేయక..."
ఆ తరవాతే మనుషులు వేరవుతారు.
ఒకడు మంటల్లోకి దిగినవాడు,
ఒకడు మునిగే పడవలోంచి చివరగా వచ్చినవాడు,
ఒకడు రానివాడు. వాడి పతకాన్ని
వాళ్లమ్మ పుచ్చుకోకుండా తిప్పి పంపింది.
కవరు మీద తడి మరక ఇంకా ఉంది.
పోస్టుమాన్ చెమటే అయుండొచ్చు.
నేను తుడవలేదు.

తుపాను రాత్రి పైకప్పు రేకు లేచిపోయింది.
తెల్లారి చూస్తే నీళ్లు మెట్లు దిగుతున్నాయి
ముసలాళ్లలాగ, ఒక్కో మెట్టూ.
కరెంటు లేని పది రోజులూ
వరండాలో దండేల మీద ఆరేశాం
సాహసాలన్నీ, క్లిప్పులు పెట్టి.

పదిహేడో నంబరు మాత్రం ఆరలేదు.
ఉబ్బింది, నానిన రొట్టెలాగ.
అట్ట విప్పాను.
అట్ట అంటే అట్ట కాదు,
కాగితం మీద కాగితం, గంజితో అతికించి
ముప్పై నలభై పొరలు.
ఆవిరి పట్టి ఒక్కోటీ విడదీశాను.

"గరికిన ఎర్రయ్య, టగ్గు ఖలాసీ.
తెగిన తాడు నడుముకి చుట్టుకుని
ఏడుగురిని ఒడ్డుకి చేర్చెను.
సాక్ష్యం చాలదు. తిరస్కరించడమైనది."

"లంక సత్యవతమ్మ, ఆయా, ప్రసూతి వార్డు.
పొగలోనికి నాలుగుసార్లు వెళ్లెను.
ఉద్యోగం తాత్కాలికం. తిరస్కరించడమైనది."

"చేపల రేవు కూలీ.
పేరు తెలియనందున"
అక్కడితో ఆగిపోయింది వాక్యం,
గుమాస్తాకే సిగ్గేసినట్టు.

రూలు ప్రకారం ఇవి పదేళ్లకి తగలబెట్టాలి.
దస్తగిరి సాయిబు తగలబెట్టలేదు.
నాకు సూది పట్టడం నేర్పినాయన.
ఎడం బొటనవేలికి సగమే గోరు,
ఉర్దూలో తిట్టి తెలుగులో టీ ఇప్పించేవాడు.
"అట్ట గట్టిగుంటేనే పుస్తకం నిలబడతాది గుంటా" అనేవాడు.
నేను గంజి గురించనుకున్నాను.

ఇప్పుడు స్కానరు కుర్రాళ్లొచ్చారు, జాబితాతో:
పదిహేడు, రెండొందల పన్నెండు పేజీలు.
"అట్టలు అక్కర్లేదు మేడమ్, పేజీలు చాలు."
వాళ్ల తప్పేం లేదు. లెక్క లెక్కే.

ఆఫీసరుగారికి నోటు పెట్టాను.
"వీటికి హెడ్డు ఏది?" అని తిప్పి పంపారు.
మళ్లీ పెట్టాను.
"చర్చించండి" అని రాసి బదిలీ అయిపోయారు.
కొత్తగా వచ్చినావిడ ఎర్రయ్య కాగితాన్ని
కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి రెండుసార్లు చదివి
బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా
తన కళ్లజోడు తీసి బరువుంచారు.
అది అనుమతో కాదో నేనడగలేదు.

పదిహేడుకి కొత్త అట్ట వేశాను.
బజారులో కొన్న అట్ట, లోపల ఎవరూ లేనిది.
తేలిగ్గా ఉంది. బీరువాలో నిలవడం లేదు,
పద్దెనిమిది మీదకి ఒరుగుతోంది.

మధ్యలో ఒక పెట్టె ఇరికించాను,
పసుపెక్కని కాగితం, మూత, నూలు తాడు.
మీద పదిహేడు-బి అని రాశాను, పెన్సిలుతో.
సిరా అయితే అందంగా ఉండును.
కానీ నాకు సముద్రం తెలుసు.
అది పిలిస్తే సిరా వెళ్లిపోతుంది.
పెన్సిలు పలకదు.